అదురును మింగేదెవరు? - మోటారుసైకిలు వెనుక షాకబ్జరు కథ

మన పట్టణాలలో మోటారుసైకిళ్ళు బాగుచేసే దుకాణాల ముందు ‘షాక్ అబ్జర్వర్లు రిపేరు చేయబడును’ అనే బోర్డులు తరచుగా కనిపిస్తాయి. అబ్సార్బరు అంటే పీల్చుకొనేది, అబ్జర్వరు అంటే గమనించేది. ఆ రాతను చూసి నవ్వుకోనక్కరలేదు. అసలు ఆ ఇంగ్లీషు పేరే వస్తువుకు సరిగా అతకలేదని నా అభిప్రాయం. గతుకులో పడిన చక్రం దెబ్బను తన మీద వేసుకొనేది స్ప్రింగు. దాని నడుమ ఉండే నూనె గొట్టం చేసే పని వేరు. దెబ్బతిన్న స్ప్రింగు ఊగుతూ ఉండిపోకుండా అది అణచివేస్తుంది. ఇంగ్లండువారు దానిని డంపరు అంటారు. మన భాషలో డోలనశామకం అనవచ్చునేమో గాని, మెకానిక్కు దగ్గరకు పోయి ఆ మాట అంటే మనల్నే వింతగా చూస్తాడు. కాబట్టి షాకబ్జరు అనే అందాం.

ఊయలను ఒకసారి ఊపి వదిలితే అది వెంటనే ఆగదు. స్ప్రింగూ అంతే. అది శక్తిని దాచుకొని తిరిగి ఇచ్చేస్తుందే తప్ప ఖర్చుచేయదు. ఖర్చుచేసేది నూనె. సన్నని రంధ్రాల గుండా నూనెను బలవంతంగా నెట్టినప్పుడు ఆ ఊపు వేడిగా మారి గాలిలో కలిసిపోతుంది. గతుకుల దారిలో చాలాదూరం నడిపిన బండి షాకబ్జరును ముట్టుకుంటే వెచ్చగా తగలడానికి కారణం ఇదే. మోయడం ఒక పని, శాంతింపజేయడం మరొక పని. మోటారుసైకిలు చరిత్రలో ఈ వివేకం కలగడానికి అర్ధశతాబ్దం దాకా పట్టింది.

తొలినాటి మోటారుసైకిళ్ళకు వెనుక స్ప్రింగులే లేవు. ఇరుసును చట్రానికి నేరుగా బిగించేవారు. నడిపేవాడి నడుముకు ఉన్న రక్షణంతా సీటు కింది చుట్టల స్ప్రింగులే. ఇండియన్ అనే అమెరికా కంపెనీ (పేరే గాని మన దేశంతో సంబంధం లేదు) 1913లోనే వెనుక చక్రాన్ని పట్టీల స్ప్రింగు మీద ఊగేలా అమర్చింది. 1928లో ఇంగ్లండులో ఫిలిప్ విన్సెంట్ అనే యువకుడు వెనుక భాగాన్ని త్రికోణాకారపు చట్రంగా చేసి, అది ఒక కీలు మీద కదిలేలా, దాని స్ప్రింగులు సీటు కిందికి వచ్చేలా రూపొందించాడు. అయినా చాలామంది నమ్మలేదు. కీలు అరిగితే బండి తోక ఊపుతుందని, కదలని చట్రమే మలుపులో నిలకడగా ఉంటుందని వాదించేవారు. ఆ భయం పూర్తిగా నిరాధారమైనది కాదు.

ఆ రోజులలో ఊపును ఆపడానికి వాడినవి రాపిడి బిళ్ళలు. రెండు లోహపు చేతుల మధ్య బిళ్ళలు పెట్టి మరతో బిగించేవారు. వాటిలో ఒక గుణదోషం ఉంది. కదలక ముందు రాపిడి ఎక్కువ, కదలడం మొదలైన తర్వాత తక్కువ. అంటే చిన్న గతుకుకు బిగుసుకొని కూర్చుంటాయి, పెద్ద గతుకుకు లొంగిపోతాయి. కావలసినది దీనికి సరిగ్గా వ్యతిరేకం. నూనె స్వభావం వేరు. మెల్లగా నెడితే దారి ఇస్తుంది, వేగంగా నెడితే ఎదురు తిరుగుతుంది. సన్నని కవాటాలు అమర్చితే ఒక దిక్కున తక్కువగాను, మరొక దిక్కున ఎక్కువగాను ఎదిరించేలా చేయవచ్చు. చక్రం పైకి లేచేటప్పుడు కొంత చనువిచ్చి, స్ప్రింగు తిరిగి విదిల్చేటప్పుడు గట్టిగా పట్టి ఉంచడమే మంచి షాకబ్జరు లక్షణం.

1936లో వెలోసెట్ కంపెనీ పందెపు బండ్లకు ఊగే చేయి (మన మెకానిక్కుల మాటలో స్వింగ్ ఆర్మ్), దానికి ఇరువైపులా రెండు నిలువు గొట్టాలు అమర్చారు. వాటిని తయారుచేసినది విమానాల చక్రాల కాళ్ళు చేసే డౌటీ సంస్థ. వాటిలో స్ప్రింగు పని గాలి చేసేది, శాంతి పని నూనె చేసేది. మరోవంక 1938లో బి.ఎం.డబ్ల్యు. తన బండ్లకు ఇరుసు నిలువు కడ్డీల మీద పైకీ కిందికీ జారే ఏర్పాటు తెచ్చింది. యుద్ధానంతరం ట్రయంఫ్ కంపెనీ స్ప్రింగులను ఏకంగా చక్రపు నాభిలోనే ఇమిడ్చింది. లోపల బిగుసుకొని ఉన్న ఆ స్ప్రింగులు ఎంత ప్రమాదకరమంటే, తగిన సాధనం లేకుండా విప్పవద్దని దాని మీదే హెచ్చరిక ముద్రించారు.

తీర్పు చెప్పినవి రెండు బండ్లు. మొదటిది మనకు చిరపరిచితమైన బుల్లెట్టు. 1948లో రాయల్ ఎన్‌ఫీల్డ్ దాని తొలి నమూనాలను ఊగే చేయి, నూనె షాకబ్జర్లతో పోటీలకు దింపింది. ఆ ఏడే ఇటలీలో జరిగిన అంతర్జాతీయ ఆరు రోజుల పోటీలో గెలిచిన బ్రిటిష్ జట్టులో బుల్లెట్లు ఉన్నాయి. రెండవది 1950 నాటి నార్టన్ పందెపు బండి. బెల్‌ఫాస్టుకు చెందిన మెక్‌కాండ్లెస్ సోదరుల చట్రంతో అది ఆ ఏడు మాన్ ద్వీపపు పందెంలో నెగ్గింది. ఆ తర్వాత కదలని చట్రాన్ని సమర్థించేవారి గొంతు సన్నగిల్లింది.

ఈ కథ మన గడపలోకి వచ్చినది 1955లో, మద్రాసులో ఎన్‌ఫీల్డ్ ఇండియా ఏర్పడినప్పుడు. 1961లో మైసూరు నుండి జావా, 1962లో పోలండు నమూనా మీద ఎస్కార్ట్స్ వారి రాజ్‌దూత్ వచ్చాయి. మూడింటికీ వెనుక జంట షాకబ్జర్లే. మూడింటినీ మనవాళ్ళు తయారుచేసినవారు కలలో కూడా ఊహించని బరువులు మోయించారు. రాజ్‌దూత్‌కు ఇరువైపులా పాల క్యానులు, జావా మీద భార్యాబిడ్డలు, బుల్లెట్టు మీద బియ్యపు బస్తా. ఆ షాకబ్జర్లు తట్టుకొని నిలిచినది తమ బలం వల్ల మాత్రమే కాదు, విప్పి మళ్ళీ కట్టుకొనే వీలుండటం వల్ల కూడా.

ఆనాటి చాలా షాకబ్జర్లకు పైన మరలు తిరిగే మూత ఉండేది. స్ప్రింగును సాధనంతో అణచి పట్టి, తాళాలు తీసి, మూత విప్పి, పాత నూనె పారబోసి, అరిగిన ఆయిల్ సీలును మార్చి, కడ్డీ మీద గీతలు ఉన్నాయేమో చూసి, కొలిచిన నూనె పోసి తిరిగి బిగించేవారు. ఇందులో కొలతే ప్రాణం. పిస్టను కడ్డీ లోపలికి దిగేకొద్దీ అంత స్థలం ఆక్రమిస్తుంది. దానికి కాస్త ఖాళీ విడవాలి. ఎక్కువ పోస్తే మంచిదని నిండా నింపితే, నూనె నలగదు గనుక గొట్టం బిగుసుకుపోయి సీలు పగులుతుంది. తక్కువ పోస్తే గాలి కలిసి నురుగు కట్టి పట్టు తప్పుతుంది. పనిలో ఆరితేరినవాడు కడ్డీని చేత్తో లాగి చూసి రెండు వైపులా సమానంగా ఉన్నదో లేదో చెప్పేవాడు.

ఆ నురుగు సమస్యే చరిత్రను మరో మలుపు తిప్పింది. 1953లో ఫ్రాన్సు దేశపు ద కార్బన్ నూనెకు ఒక పక్కన తేలియాడే పిస్టను పెట్టి, దాని వెనుక ఒత్తిడితో వాయువును నింపాడు. నురుగు తగ్గింది. కాని ఒత్తిడి నిండిన గొట్టాన్ని వీధి చివరి దుకాణంలో విప్పడం ప్రాణాపాయం. 1973లో యమహా కంపెనీ బెల్జియంకు చెందిన లూసియన్ టిల్కెన్స్ రూపొందించిన ఒంటి షాకబ్జరుతో మోటోక్రాస్ ప్రపంచ విజేత అయింది. ఆ అమరికను చూస్తే 45 ఏళ్ళ నాటి విన్సెంట్ త్రికోణమే గుర్తుకు వస్తుంది. మన దేశంలో 2004 నాటి హోండా యూనికార్న్‌తో ఒంటి షాకబ్జరు సామాన్యుడి చేతికి అందింది.

వాయువు ఉన్నదానికి మూత మూసివేయడంలో న్యాయం ఉంది. దానిని తగిన సాధనాలు ఉన్నవారే ముట్టుకోవాలి. వాయువు లేని మామూలు నూనె గొట్టాన్ని కూడా మడత కొట్టి మూసివేయడంలో ఉన్నది తయారీదారుకు చవక మాత్రమే. కారితే పారవేయి, కొత్తది కొను. ఈ అలవాటు పాత బండ్లకూ పాకింది. విప్పితే బాగయ్యే పాత షాకబ్జరును పాతసామానువాడికి వేసి, పొడవు సరిపోయిందని ఏదో ఒకటి తగిలిస్తున్నారు. స్ప్రింగు బలం, నూనె పట్టు, ఆ బండి బరువు ఒకదానికొకటి సరిపోవాలన్న మాట ఎవరికీ పట్టదు.

పాత బండి ఉన్న మిత్రులకు ఒక మనవి. సీటును బలంగా నొక్కి వదలండి. ఒకసారి లేచి కుదురుకుంటే నూనె తన పని చేస్తున్నట్టు. ఉయ్యాలలా ఊగితే పట్టు పోయినట్టు. అప్పుడు మెకానిక్కు కింది మెట్ల రింగును తిప్పి బిగిస్తానంటే వద్దనండి. అది స్ప్రింగుకు సంబంధించినది, రోగం నూనెది. కడ్డీ మీద తడి, బండి పక్కకు లాగడం కనిపిస్తే స్వింగ్ ఆర్మ్ బుష్షులను కూడా చూపించండి. విప్పే వీలున్నది విప్పించండి, లేనిది మార్చండి. రెండింటిలో ఏదైనా జంటగానే చేయించండి. ఒకవైపు కొత్తది, ఒకవైపు నీరసించినది ఉంటే మలుపులో, అందులోనూ వెనుక మనిషి ఉన్నప్పుడు, బండి మాట వినదు.

కొలిచి నూనె పోసే ఆ చేతులు మన ఊళ్ళలో ఇంకా కొన్ని మిగిలి ఉన్నాయి. వారి బోర్డు మీద అక్షరదోషం ఉన్నా పనిలో దోషం ఉండదు. వారికి పని ఇచ్చేవారు ఉన్నంతవరకే ఆ విద్య ఉంటుంది.