లొంగుట వేరు, అప్పగించుకొనుట వేరు

మా సాయంకాలపు తెలుగు తరగతిలో ఒకనాడు “అప్పగించుకొనుట” అను మాట వచ్చినది. క్రైస్తవుడు దేవునితో పోరాడక తన్ను తాను ఆయనకు అప్పగించుకొనవలెనని మేము అర్థము చెప్పినాము. వెనుక బల్లమీది పిల్లవాడు ఒకడు లేచి, సగము ఇంగ్లీషులో సగము తెలుగులో ఇట్లు అడిగినాడు: “మాస్టారూ, మా ముత్తాతను అయిదేండ్లు చెరకు తోట దొరకు అప్పగించినారట. దేవునికి అప్పగించుకొనుట కూడా అటువంటిదేనా?”

మేము వెంటనే జవాబు చెప్పలేకపోయినాము. ప్రియ పాఠకులారా, ఆ ప్రశ్న మన చరిత్రలో నుండి పుట్టినది గనుక జవాబును కూడా అక్కడనే వెదకుదాము.

మద్రాసు నుండి బయలుదేరిన ట్రూరో ఓడ 1860 నవంబరు 16న డర్బను చేరినది. అప్పటి నుండి 1911లో ఆ పద్ధతి ఆగిపోవు వరకు 1,52,184 మంది ఒప్పందపు కూలీలుగా నేటాలుకు వచ్చినారు. వారిలో మన తెలుగువారు వేలకొలది ఉన్నారు. ఒప్పందము అయిదేండ్లు. చీటీ లేకుండా ఎస్టేటు దాటినవానికి శిక్ష. సర్దారు మాటకు ఎదురు లేదు. దీనిని లొంగుబాటు అంటారు. అనగా ఒకని బలము ముందు మరియొకడు వేరు దారి లేక తల వంచుట. దీనిని భక్తి అని పిలిచినచో మన పెద్దలకు అన్యాయము చేసినవారమగుదుము.

బైబిలులోని అప్పగింత ఇట్టిది కాదు. యాకోబు యబ్బోకు రేవు దగ్గర రాత్రియంతయు పెనుగులాడి, తెల్లవారునప్పటికి కుంటివాడయ్యెను. కాని ఆశీర్వాదమును, క్రొత్త పేరును పొందెను. సౌలునకు దమస్కు మార్గములో కలిగిన దర్శనములో మునికోలకు ఎదురు తన్ను ఎద్దు పోలిక ఉన్నది. ఎంత తన్నినను గాయమగునది ఎద్దు కాలికే గదా! అయితే ఆ దినమున అప్పగించుకొనిన సౌలు చేతులు ముడుచుకొని కూర్చుండలేదు. పౌలు అయి సముద్రములు దాటి పని చేసెను.

మన తెలుగు బాప్తిస్టు సంఘముల వేరు నెల్లూరు, ఒంగోలు ప్రాంతములలో ఉన్నది. అమెరికను మిషనరీ జాన్ ఎవరెట్ క్లౌ దొరగారు 1866లో ఒంగోలులో కాపురము పెట్టినారు. ఆయన పెట్టిన బడికి బ్రాహ్మణులు, ఇతర పై కులములవారు తమ పిల్లలను పంపినారు. పెద్ద కులముల ద్వారా పని సాగునని ఆయనకు ఆశ కలిగినది. అదే కాలమున తాళ్ళకొండపాడుకు చెందిన యెఱ్ఱగుంట్ల పేరయ్యగారు బాప్తిస్మము పొందినారు. ఆయన తోలు వ్యాపారము చేయు మాదిగ. అంతకు ముందే రాజయోగ గురువుల వద్ద కూర్చుండి సత్యమును వెదకినవారు. ఆయన వెంట మాదిగలు రాసాగినారు. అప్పుడు పై కులములవారు, “వారిని చేర్చుకొన్నచో మేము రాము” అని చెప్పివేసినారు.

దొరగారు కలవరపడి బైబిలు తెరచినారు. దేవుడు లోకములో ఘనులను గాక నీచులుగా ఎంచబడినవారిని ఏర్పరచుకొన్నాడని పౌలు కొరింథీయులకు వ్రాసిన భాగము కనబడినది. వేరొక గదిలో ఆయన భార్యకు కూడా అదే భాగము కనబడినదట. దొరగారు తన ఆలోచనను విడిచిపెట్టినారు. పై కులముల పిల్లలు బడి మానివేసినారు. ఈ సంగతిలో ముందుగా అప్పగించుకొనినది కూలివాడు కాదు, దొర! ఆయన విడిచినది తన పథకమును.

తరువాత 1876–78 నాటి గొప్ప కరవు వచ్చినది. క్లౌగారు బకింగుహాము కాలువలో మూడున్నర మైళ్ళ పని గుత్తకు తీసికొని, ఆకలిగొన్నవారికి కూలి ఇప్పించినారు. కాని అన్నము కొరకు మతము పుచ్చుకొన్నారన్న మాట రాకూడదని, పదిహేను నెలలపాటు ఎవరికిని బాప్తిస్మము ఇయ్యలేదు. సహాయపు పని ముగిసిన పిమ్మట, ఇక ఇచ్చుటకు ఏమియు లేదని చెప్పినను జనులు కదలలేదు. 1878 జూలై 3న వెల్లంపల్లి వద్ద గుండ్లకమ్మ నదిలో 2,222 మంది బాప్తిస్మము పొందినారు. ఇచ్చినవారు దొరలు కారు. ఆరుగురు తెలుగు బోధకులు, ఇద్దరిద్దరుగా వంతులు వేసికొని ఇచ్చినారు. కరవు వారి మనస్సుమీద ఏమియు పని చేయలేదని మేము చెప్పము. అయితే లాభము చూపించినవాడు లేనప్పుడు, బలవంతము చేసినవాడు లేనప్పుడు వారు నదిలోనికి దిగినారు. లొంగుబాటునకు, అప్పగింతకు గల భేదము ఇదియే.

ఆ ప్రాంతపు విశ్వాసులు కొందరు కూలి ఒప్పందము మీద నేటాలుకు వచ్చి, తమకు బోధకుని పంపుమని స్వదేశపు సంఘములకు జాబు వ్రాసినారు. తెలుగు బాప్తిస్టులు తామే నడుపుకొను హోం మిషనరీ సొసైటీ జాన్ రంగయ్యగారిని పంపినది. ఆయన 1903లో వచ్చి, అదే సంవత్సరము స్టాంగరు దగ్గర కియర్స్‌నీ తేయాకు ఎస్టేటులో మొదటి తెలుగు బాప్తిస్టు సంఘమును స్థాపించినారు. 1915లో మరణించువరకు ఈ దేశములోనే సేవ చేసినారు.

అయితే దేవునికి అప్పగించుకొనినవాడు అన్యాయమునకు కూడా తల వంచవలెనా? వంచనక్కరలేదు. ఒప్పందము ముగిసినను తిరిగి పోక, మరల ఒప్పందములో చేరక నిలిచినవారిపై 1895 నాటి చట్టము ఏటా మూడు పౌనుల పన్ను వేసినది. 1913లో వేలాది కూలీలు గనులలోను చెరకు తోటలలోను పని మానివేసినారు. 1914లో ఆ పన్ను రద్దయినది. ఆ పన్నునకు ఎదురు నిలుచుట దేవునితో పోరాడుట కాదు. మనుష్యుడు దేవుని స్థానములో కూర్చుండినప్పుడు, దేవునికి తన్ను అప్పగించుకొనినవాడే వానిముందు తల వంచక నిలువగలడు.

మరుసటి వారము ఆ పిల్లవానికి మేము ఇట్లు చెప్పినాము: “నాయనా, మీ ముత్తాతను దొరకు అప్పగించినది ఇతరులు. దేవునికి అప్పగించుకొనుట మాత్రము ఎవరికి వారే చేయవలెను. ఆ పని ఆయన కొరకు ఏ సర్దారును చేయలేడు.” వాడు కొంతసేపు ఆలోచించి, ఆ రెండు మాటలను తన పుస్తకములో వేరు వేరు పంక్తులలో వ్రాసికొన్నాడు. మన ఇండ్లలో కూడా పెద్దలు ఆ రెండింటిని వేరు చేసి పిల్లలకు చెప్పవలెనని మా మనవి.