నీళ్ళ బాకీలు

కుంపటి దగ్గరికి జరుగు నాయనా. ఆ ఫోను కాసేపు పక్కన పడేస్తే కొంపలేమీ మునగవు. అయిదు కోపెక్కుల బిళ్ళ ఒక్కటి గేటులో వేసి లోపలికి దిగితే, తాష్కెంట్ మెట్రోలో రోజంతా తిరిగినా అడిగే నాథుడు లేని రోజుల ముచ్చట చెబుతా. కోపెక్కంటే రూబుల్లో నూరో వంతు. ట్రామెక్కితే మూడు కోపెక్కులు. వీధి మొగలో సోడా మిషను ఉండేది. ఒక్క కోపెక్కు వేస్తే ఉత్త సోడా, మూడు వేస్తే పండ్ల పాకం కలిపిన తియ్య సోడా. గ్లాసు మాత్రం ఒక్కటే. వచ్చేవాళ్ళకీ పోయేవాళ్ళకీ అదే గ్లాసు. బోర్లించి నొక్కితే కింద నుంచి నీళ్ళు చిమ్మి కడిగినట్టు చేసేది. ఈ సంగతి మా అమ్మకి ఉత్తరంలో రాశా. ఎంగిలి గ్లాసులో తాగుతున్నావా అని రెండు పేజీల తిట్లు తిరుగు టపాలో వచ్చాయి.

ఇంతకీ గుంటూరు జిల్లా పత్తి రైతు కొడుక్కి అక్కడేం పనంటావా? కాలవల చదువు. సోవియట్ వాళ్ళు స్కాలర్‌షిప్ ఇస్తామంటే మా నాన్న ‘చలి దేశం, పచ్చడి దొరకదు’ అని గొణిగాడే గాని వద్దనలేదు. మీ పుస్తకాల్లో తాష్కెంట్ అంటే మన ప్రధాని శాస్త్రిగారు పోయిన ఊరు. 1966 జనవరిలో పాకిస్తాన్‌తో ఒప్పందం మీద సంతకం పెట్టి, ఆ రాత్రే కన్నుమూశారాయన. ఆ ఏప్రిల్లోనే పెద్ద భూకంపం వచ్చి వాడలకి వాడలే కూలిపోయాయి. తక్కిన సోవియట్ రిపబ్లిక్కులన్నిటి నుంచీ మేస్త్రీలు రైళ్ళెక్కి వచ్చి ఊరు మళ్ళీ కట్టారు. నేను చూసింది ఆ కొత్త ఊరే.

మర్యాదలు మాత్రం పాతవే. రొట్టెని బోర్లా పెట్టకూడదు. పెడితే ఇంటావిడ లేచి వచ్చి, నీ మొహం కేసి ఓసారి చూసి, తిరగేసి పెట్టి వెళ్ళేది. నోటితో ఒక్క మాట అనేది కాదు. పచ్చ టీ పోసేటప్పుడు మొదట గిన్నెలో పోసి మళ్ళీ కూజాలోకి వంచేస్తారు, అలా మూడు సార్లు. ఆ తర్వాత నీకు సగం గిన్నే ఇస్తారు. మొదట్లో నేను పిసినారితనం అనుకున్నా. సగం పోస్తే చుట్టం ఇంకా కూర్చోవాలని అర్థం, మాటిమాటికీ పోస్తూ ఉండొచ్చని. గిన్నె నిండా పోసి ఇచ్చారంటే ‘ఇక దయచేయండి’ అన్నట్టు. నీ స్నేహితులు రాత్రి పదకొండు దాటినా కదలరు చూడు, మనింట్లో కూడా ఈ పద్ధతి పెట్టమని మీ నానమ్మకి ఎప్పటి నుంచో చెబుతున్నా.

సరే, కాలవల దగ్గరికొస్తా. తియాన్‌షాన్ కొండల్లో నరీన్ అని ఒక ఏరు పుడుతుంది. కిర్గిజ్ దేశమంతా దొర్లి ఫెర్గానా లోయలోకి దిగి, అక్కడ కారా దర్యాతో కలిసి సిర్ దర్యా అవుతుంది. అక్కడి నుంచి ఉజ్బెక్, తజిక్, కజఖ్ నేలలు తడుపుకుంటూ అరల్ సముద్రానికి పోవాలి. పోవాలి అంటున్నా గాని, పత్తి పొలాలు తాగగా మిగిలిందే పోయేది. సముద్రం ఎండిపోవడం అప్పటికే మొదలైంది. ఆ నరీన్ మీద టొక్టొగుల్ అని ఆనకట్ట కట్టారు. 215 మీటర్ల ఎత్తు. 1975లో కరెంటు ఇవ్వడం మొదలుపెట్టింది. నిండితే 1950 కోట్ల ఘనమీటర్ల నీళ్ళు. మన లెక్కలో 690 టీఎంసీల దాకా అన్నమాట. మన నాగార్జునసాగర్ కట్టిన రోజుల్లో దాని లెక్క 408 టీఎంసీలు. మొదటిసారి ఆ అంకె విన్నప్పుడు పక్కవాడు పొరపాటున సున్నా ఎక్కువ చెప్పాడనుకున్నా.

ఆ నీళ్ళు ఎప్పుడు వదలాలి? అసలు కథ ఇక్కడే ఉంది, నిద్రపోకు. పైనున్న కిర్గిజ్ వాళ్ళకి చలికాలంలో నీళ్ళు వదిలితే లాభం. టర్బైన్లు తిరుగుతాయి, ఇళ్ళు వెచ్చబడతాయి. కిందనున్న ఉజ్బెక్, కజఖ్ రైతులకి వేసవిలో వదిలితే లాభం, పత్తి దాహం తీరుతుంది. ఒకరి వేసవి ఒకరి శీతాకాలానికి శత్రువు. సోవియట్ కాలంలో దీనికో ఏర్పాటు ఉండేది. కిర్గిజ్ వాళ్ళు చలికాలం నీళ్ళు పట్టి ఉంచి వేసవిలో వదలాలి. బదులుగా ఉజ్బెక్ గ్యాసు, కజఖ్ బొగ్గు, బాయిలర్లలో మండించే మాజుత్ నూనె చలికాలంలో వాళ్ళకి చేరతాయి. కరెంటు తీగలు కూడా గీతలు చూసుకోకుండా ఈ రిపబ్లిక్కులన్నిటినీ చుట్టి ఉండేవి. ఎక్కడ మీట నొక్కాలో తాష్కెంట్‌లో కూర్చున్న ఒక కార్యాలయం చెప్పేది.

మధ్య ఆసియా అన్నదమ్ములు అయిదుగురు ఒకే పొయ్యి మీద వండుకు తిన్న కొంప అది. చిట్టా మాత్రం పెద్దాయన మాస్కోలో కూర్చుని రాసుకునేవాడు. దాన్ని ప్రేమ అనుకోకు. తమ్ముళ్ళని ఎవరూ అడగలేదు, వాళ్ళూ చెప్పలేదు. పంట కాలం వస్తే కాలేజీ పిల్లల్ని బస్సులెక్కించి పత్తి ఏరడానికి తోలుకుపోయేవాళ్ళు, అదీ ఎవర్నీ అడిగి కాదు. నాతో చదివిన కిర్గిజ్ కుర్రాణ్ణి ఓసారి అడిగా, మీ నీళ్ళకి ధరెంతరా అని. వాడు పడీ పడీ నవ్వాడు. నీళ్ళకి ధరేమిటి, నీకు మతి పోయిందా అన్నాడు.

1991 డిసెంబరులో పెద్దిల్లు కూలింది. 21వ తేదీన ఆల్మా-ఆటాలో పదకొండు రిపబ్లిక్కులు కూర్చుని కామన్వెల్త్ అన్న కాగితం మీద సంతకాలు పెట్టాయి. నీళ్ళ వాటాలు పాత లెక్కనే ఉంచుకుందామని 1992 ఫిబ్రవరిలో ఇంకో కాగితం. తెల్లారి లేస్తే ఎవరికి వారే యమునా తీరే. ముందు డబ్బు దగ్గర తెగింది. అందరి జేబుల్లోనూ రూబుళ్ళే గాని, అచ్చు వేసే మిషను మాత్రం మాస్కోలో ఉంది. 1993 మేలో కిర్గిజ్ వాళ్ళు తొందరపడి సొంత కరెన్సీ ‘సోమ్’ తెచ్చారు. 200 రూబుళ్ళు ఇస్తే ఒక సోమ్. ఇప్పుడు చెల్లని రూబుళ్ళన్నీ మా నెత్తిన పడతాయని పక్కవాళ్ళకి దడ, కోపం. ఆ జూలైలో మాస్కో పాత నోట్లు రద్దు చేసింది. నవంబరులో కజఖ్ ‘టెంగే’ వచ్చింది, 500 రూబుళ్ళకి ఒకటి. ఆ నోట్లు ఇంగ్లండులో అచ్చేయించి గుట్టుగా విమానాల్లో దించుకున్నారు. అదే నెలలో ఉజ్బెక్ వాళ్ళు కూపన్లు తెచ్చారు. నిన్నటి దాకా ఒక్క అయిదు కోపెక్కుల బిళ్ళ చాలిన చోట, సంచిలో మూడు రకాల కాగితాలు.

డబ్బు వేరైతే బాకీ పుడుతుంది. గ్యాసుకి డబ్బు కట్టండి అన్నారు ఉజ్బెక్ వాళ్ళు. ఎక్కడి నుంచి తెస్తారు? నీళ్ళున్నాయి కదా అని కిర్గిజ్ వాళ్ళు చలికాలంలోనే టొక్టొగుల్ గేట్లెత్తి కరెంటు తీసుకోవడం మొదలుపెట్టారు. చలికి సిర్ దర్యా దిగువన గడ్డకట్టి ఉంటుంది, అన్ని నీళ్ళు మోయలేదు. పొంగి, అర్నసాయ్ పల్లంలోకి పోయి అక్కడున్న చెరువు ఇంకా పెరిగిపోయింది. వేసవిలో పత్తికి కావలసిన నీళ్ళు చలికాలంలో ఎడారి పాలయ్యాయన్నమాట. వరద తట్టుకోవడానికి కజఖ్ వాళ్ళు కోక్‌సరాయ్ దగ్గర మరో జలాశయం తవ్వుకోవాల్సి వచ్చింది.

1998లో బిష్కెక్‌లో కూర్చుని పాత ఇచ్చిపుచ్చుకోవడాన్నే కాగితం మీద పెట్టారు. వేసవిలో నీళ్ళూ కరెంటూ, చలికాలంలో గ్యాసూ బొగ్గూ. ఏటేటా లెక్క కొత్తగా కట్టుకోవాలి. ఏటేటా తగువే. బొగ్గు ఆలస్యమైందని వీళ్ళు గేట్లు తిప్పేవాళ్ళు, గేట్లు తిప్పారని వాళ్ళు గ్యాసు కట్టేసేవాళ్ళు. 2001లో కిర్గిజ్ వాళ్ళు నీళ్ళకి ధర ఉందని ఏకంగా చట్టమే చేశారు. నాతో చదివినవాడు నవ్విన నవ్వు గుర్తొచ్చింది నాకు. 2014 ఏప్రిల్లో కిర్గిజ్ వాళ్ళ ఓష్ ఊరికి ఉజ్బెక్ గ్యాసు ఆగిపోయింది. ఆ ఏడు ఆఖరు దాకా రాలేదు. ఇప్పుడు మన తెలుగు పిల్లలు డాక్టరు చదువులకి ఎగబడి పోతున్నారే, ఆ ఓషే. గ్యాసు పొయ్యిలు మూలన పెట్టి జనం కరెంటు పొయ్యిలు, కట్టెలు చూసుకున్నారు.

అన్నిటికన్నా నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చేది తజిక్ వాళ్ళ కథ. వాళ్ళకి నురెక్ అని 300 మీటర్ల ఆనకట్ట ఉంది. వేసవిలో కరెంటు మిగులు, చలికాలంలో కరువు. 2009 డిసెంబరులో ఉజ్బెక్ వాళ్ళు ఆ దేశంతో తీగలు కోసుకున్నారు. చలికాలంలో తజిక్ పల్లెల్లో రోజుకి కొన్ని గంటలే దీపం. వేసవిలో కొనే దిక్కు లేక నీళ్ళు ఊరికే పొర్లిపోయేవి. గట్టు అవతల ఉజ్బెక్ వాళ్ళు అదే వేసవిలో గ్యాసు మండించి కరెంటు చేసుకునేవాళ్ళు. చెరువు మీద అలిగి మొహం కడుక్కోవడం మానేయడమంటే ఇదే. తజిక్ వాళ్ళు రోగున్ అనే ఇంకా పెద్ద ఆనకట్ట ఎత్తుకుంటే, 2012లో ఉజ్బెక్ అధ్యక్షుడు కరీమోవ్ నీళ్ళ కోసం యుద్ధాలే రావచ్చని బాహాటంగా అన్నారు.

రైళ్ళ సంగతి అడగవేం? అక్కడి పట్టాల మధ్య 1520 మిల్లీమీటర్లు. మన బ్రాడ్‌గేజ్ 1676, చైనాది 1435. చైనా గట్టున దోస్తిక్ దగ్గర పెట్టెల్ని పైకెత్తి చక్రాలు మారుస్తారు, చూడ్డానికి భలే ఉంటుంది. ఈ అయిదు దేశాల మధ్య ఆ బాధ లేదు, కొలత ఒక్కటే. అడ్డం పడింది మనిషే. తాష్కెంట్ నుంచి ఫెర్గానా లోయకి రైలు తజిక్ నేల మీదుగా పోయేది. సొంత ఊరికి పోతూ పరదేశం దాటడమేమిటని ఉజ్బెక్ వాళ్ళు కంచిక్ కనుమ కింద, అబ్బే, కంచిక్ కాదు, కామ్‌చిక్, నా నోరు తిరగదు, ఆ కనుమ కింద 19 కిలోమీటర్ల సొరంగం తవ్వించారు. 2016లో తెరిచారు. తాష్కెంట్‌కీ తజిక్ రాజధాని దుషాన్‌బేకీ మధ్య విమానంలో గంట కూడా పట్టదు. పాతికేళ్ళ పాటు ఒక్క విమానమూ ఎగరలేదు.

అలాగని కలిసి ఉందామన్న మాటలకి కొదవ లేదు. 1994లో మధ్య ఆసియా సమాఖ్య అన్నారు. 1998లో దాన్ని ఆర్థిక సముదాయం చేశారు. 2002లో సహకార సంస్థ అని మళ్ళీ నామకరణం. తర్వాత రష్యా వచ్చి చేరింది, 2005లో దాన్ని వేరే కూటమిలో కలిపేయాలని తేల్చారు. పేరు గొప్ప ఊరు దిబ్బ. ఇన్ని పేర్లు పెట్టినంత సేపు పట్టదు, ఓ గ్యాసు బిల్లు తేల్చడానికి.

మరి మార్పెప్పుడంటావా? 2016లో కరీమోవ్ పోయాక మిర్జియోయెవ్ వచ్చారు. మరుసటేడు ఏప్రిల్లో దుషాన్‌బే విమానం ఎగిరింది, సెప్టెంబరులో ఓష్ దగ్గర దోస్తుక్ గేటు తెరుచుకుంది. 2018లో గలాబా–అముజాంగ్ అనే చిన్న రైలు ముక్కని మళ్ళీ అతికించారు. అప్పటి నుంచి అయిదుగురు అధ్యక్షులూ ఏడాదికో రెండేళ్ళకో ఓ చోట కూర్చుంటున్నారు, పెద్దాయన లేకుండా. 2025 మార్చిలో ఖుజంద్‌లో కిర్గిజ్, తజిక్, ఉజ్బెక్ సరిహద్దులు మూడూ కలిసే చోటు ఇదీ అని సంతకాలు పెట్టారు.

బుద్ధి ఊరికే వచ్చిందనుకోకు, దెబ్బ తగిలాకే. 2022 జనవరి 25న దక్షిణ కజఖ్‌స్తాన్, కిర్గిజ్‌స్తాన్, ఉజ్బెకిస్తాన్ ఒక్కసారిగా చీకటయ్యాయి. తాష్కెంట్ మెట్రో సొరంగంలో ఆగిపోతే జనం పట్టాల పక్కనే నడుచుకుంటూ బయటపడ్డారు. పాత తీగలు ఎవరినీ విడదీయలేదని ఆ రోజు అందరికీ తెలిసొచ్చింది. ఇప్పుడు చలికాలంలో పక్కవాళ్ళ కరెంటు తెచ్చుకుని టొక్టొగుల్ నీళ్ళు ఆపుకుంటున్నారు కిర్గిజ్ వాళ్ళు, వేసవిలో బాకీ తీరుస్తున్నారు. ఎన్ని యూనిట్లు, ఏ నెలలో అన్నది రాసుకుని మరీ. తజిక్ తీగ 2024లో గొలుసులో మళ్ళీ కలిసింది. యుద్ధమన్న ఆ రోగున్ కరెంటునే కొంటామంటున్నారు ఉజ్బెక్ వాళ్ళు. మా రోజుల్లో చిట్టా మాస్కోది, ఇప్పుడు చిట్టా వీళ్ళది. నాకైతే ఈ లెక్కల గొడవే నయమనిపిస్తుంది. గొణుక్కుంటూనైనా సొంత చేత్తో రాసుకున్న బాకీ కదా.

నరీన్ మీద టొక్టొగుల్‌కి ఎగువన కంబరాటా-1 అనే ఆనకట్ట సోవియట్ రోజుల నుంచీ పూర్తికాకుండానే ఉంది. 1860 మెగావాట్లు. ఇప్పుడు కిర్గిజ్ వాళ్ళకి 34 శాతం, ఉజ్బెక్, కజఖ్ వాళ్ళకి 33 చొప్పున వాటాలని ముగ్గురూ కలిసి కడతామంటున్నారు. ఖర్చు 400 కోట్ల డాలర్ల పైమాటే. అంత డబ్బు తీసేదెవరన్న దగ్గరకొచ్చేసరికి ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు, తర్వాత ముగ్గురూ కలిసి ప్రపంచ బ్యాంకు మొహం చూశారు.