‘ఇతరములు’ గడిలో పిల్లికూన

పశువుల ఆసుపత్రిలో రోజువారీ రిజిస్టరు తిరగేసినవాళ్ళకు ఒక సంగతి తెలుస్తుంది. తెల్లజాతి (ఆవులు, ఎద్దులు), నల్లజాతి (గేదెలు), గొర్రెలు, మేకలు, కోళ్ళు, కుక్కలు అని వరసగా గడులుంటాయి. చివర్న ‘ఇతరములు’ అని ఒక సన్నటి గడి. కోనసీమ లంక గ్రామాల్లో నేను పనిచేసినన్నాళ్ళూ పిల్లిని ఆ సన్నటి గడిలోనే రాశాను, కుందేలు పక్కన, రామచిలక పక్కన. ఆ గడులు గీసిన గుమాస్తాను ఏమనగలం? వాటిని గీసింది చరిత్ర.

పశువైద్యం పుట్టిందే గుర్రం కోసం, గొడ్డు కోసం. ఫ్రాన్సులోని లియోన్‌లో గుర్రపుస్వారీ బడి నడిపిన క్లోద్ బూర్జెలాకు 1761లో రాజుగారి అనుమతి వచ్చింది. మరుసటి ఏడు ప్రపంచంలో మొదటి పశువైద్య పాఠశాల తెరిచారు. అప్పట్లో ముసర వ్యాధి యూరపు పశువుల్ని ఊళ్ళకు ఊళ్ళుగా తుడిచిపెడుతోంది. 1791లో లండన్‌లో పెట్టిన కళాశాల దృష్టంతా గుర్రం మీదే. మన దేశానికి వస్తే ముసర మీద వేసిన కమిషన్ నివేదిక 1871లో వచ్చింది. 1889లో పుణెలో పెట్టిన ప్రయోగశాలను నాలుగేళ్ళకే కుమావూఁ కొండల్లోని ముక్తేశ్వర్‌కు తరలించారు. 1903లో మద్రాసు పశువైద్య కళాశాల వచ్చింది. సర్కారు డబ్బు పెట్టిందంటే ఆ జంతువు నాగలి లాగాలి, లేదంటే ఫిరంగి లాగాలి. ఆ పట్టుదల ఊరికే పోలేదు లెండి. 2011లో ప్రపంచంలో ముసర లేకుండా పోయిందని ప్రకటించారు. మా వృత్తికి అంతకన్నా పెద్ద గర్వకారణం లేదు. కానీ ఈ రెండున్నర శతాబ్దాల కథలో పిల్లి మాట దాదాపు ఎక్కడా వినపడదు.

పిల్లి పనిచేయలేదా అంటే చేసింది. 1908లో అమరావతిలో, అంటే విదర్భలోని అమరావతిలో, పనిచేసిన బుకానన్ అనే మిలిటరీ డాక్టరు బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఒక వ్యాసం రాశాడు. ప్లేగు మహమ్మారి రోజులవి. పిల్లులు ఎక్కువగా ఉన్న పల్లెల్లో ప్లేగు తక్కువగా ఉందనీ, ఇంటింటా పిల్లిని పెంచితే మంచిదనీ ఆయన వాదన. ఆయన లెక్కలు ఎంతవరకు నిలుస్తాయో గానీ, మా డెల్టా వాళ్ళకు ఆ సలహా ఎవరూ ఇవ్వక్కర్లేదు. ధాన్యపు పురి ఉన్నచోట, రైసు మిల్లు ఉన్నచోట, కిరాణా కొట్టు గోనెల మధ్య పిల్లి ఉండాల్సిందే. దానికి జీతమా, పట్టుకున్న ఎలుకే. జబ్బు చేస్తే మాత్రం ఎవరూ రూపాయి తీయరు. ఎద్దు పోతే అప్పు చేసి ఎద్దును కొనాలి. పిల్లి పోతే పక్క వీధి నుంచి ఇంకోటి తనంతట తానే వస్తుంది.

అందుకని జబ్బుపడ్డ పిల్లికూన చేత నాలుగు మెతుకులు తినిపించే విద్య కళాశాలల్లో కాక వంటింట్లో పెరిగింది. కళ్ళకు పుసులు కట్టి, ముక్కు చీమిడితో మూసుకుపోయి, తుమ్ముతూ మూల నక్కిన కూనను ఆడవాళ్ళే చేరదీసేవాళ్ళు. చంటిపిల్లల ఉగ్గుగిన్నె కొమ్ము దాని మూతికి సరిగ్గా సరిపోయేది. ఆ తర్వాత సిరా పెన్నుల కాలంలో ఇంకు ఫిల్లరు వచ్చింది. పాత బడిపంతుళ్ళ ఇళ్ళలో ఒక ఫిల్లరు పెన్నుకైతే ఇంకోటి కూనకు. నా దగ్గరకు కొబ్బరాకు బుట్టలో కూనను పెట్టుకొచ్చిన ఒక మామ్మగారు, “మూతి పెట్టట్లేదండి డాక్టరు బాబూ, వాసన తెలీట్లేదు దానికి” అంది. నాకు చదువులో ఎవరూ అంత సూటిగా చెప్పలేదు. “ఏం పెడుతున్నావు మామ్మా?” అని అడిగితే, ఎండు రొయ్యను నిప్పుల మీద కాల్చి, పొడి చేసి, గోరువెచ్చటి గంజిలో కలిపి, ముందు ముక్కు దగ్గర పెడుతున్నానంది. అది నాకితే సరే, లేకపోతే వేలితో పైపెదవికి కాస్త రాస్తుందట. నేను కళ్ళ మందు రాసిచ్చాను. మిగతా వైద్యమంతా ఆవిడదే.

అంతకు చాలాముందు లండన్ వంటిళ్ళలో ఏం జరిగిందో కూడా చెప్పుకోవాలి. పిల్లికి తిండి అమ్మడమే ఒక వృత్తిగా మారిన ఊరు అది. 1851 నాటికి హెన్రీ మేహ్యూ ఆ వీధి వర్తకుల గురించి వివరంగా రాశాడు. చచ్చిన బండిగుర్రాల మాంసం ఉడికించి, ముక్కలుగా కోసి, పుల్లలకు గుచ్చి ఇంటింటికీ తిరిగి అమ్మేవాళ్ళు. ఆ కేక వినపడగానే పిల్లులు గుమ్మాల్లోకి వచ్చి నిలబడేవట. 1871 జూలై 13న క్రిస్టల్ ప్యాలెస్‌లో హారిసన్ వెయిర్ అనే చిత్రకారుడు పెద్ద పిల్లుల ప్రదర్శన ఏర్పాటు చేశాడు. దాంతో పిల్లికి హోదా వచ్చింది. వెంటే జలుబూ వచ్చింది. ఒకే కప్పు కింద వందల పిల్లులు, పక్కపక్కనే బోనులు, ఒకరి పిల్లిని నిమిరిన చేత్తోనే ఇంకొకరి పిల్లిని నిమిరే పెద్దమనుషులు. రోగానికి అంతకన్నా ఏం కావాలి? ప్రదర్శన నుంచి తిరిగొచ్చిన పిల్లి వారం తిరక్కుండా తుమ్మడం ఆ లోకంలో మామూలు ఫిర్యాదు అయిపోయింది. ఆ కాలపు పుస్తకాలు చెప్పిన వైద్యం చూడండి: మాంసపు రసం చెంచాతో పట్టడం, పచ్చి మాంసాన్ని గోకి వేలితో నోట్లో పెట్టడం, నాలుగు చుక్కల బ్రాందీ. బ్రాందీ సంగతి వదిలేస్తే మా మామ్మగారి పద్ధతికీ దానికీ పెద్ద తేడా లేదు. పేదల జంతువుల కోసం మరియా డికిన్ 1917లో వైట్‌చాపెల్‌లో ఉచిత వైద్యశాల తెరిచింది. అదీ ఒక నేలమాళిగలోనే.

జబ్బు అసలు దేనివల్ల వస్తుందో తేలడానికి ఇరవయ్యో శతాబ్దం నడిమి దాకా ఆగాల్సి వచ్చింది. 1944లో అమెరికాలో బేకర్ అనే శాస్త్రవేత్త పిల్లుల ఊపిరితిత్తుల జబ్బుకు ఒక క్రిమిని పట్టుకున్నాడు. దాన్ని వైరస్ అనుకున్నాడు గానీ అది క్లమీడియా జాతి బ్యాక్టీరియా అని తర్వాత తేలింది. 1957లో న్యూజిలాండ్‌లో ఫాస్టియర్ ఇంకో క్రిమిని పెంచాడు. ఇప్పుడు కాలిసివైరస్ అంటున్నది దాన్నే. మరుసటి ఏడు అమెరికాలో క్రాండెల్, మౌరర్ కలిసి హెర్పిస్ జాతి వైరస్‌ను వేరుచేశారు. పిల్లుల జలుబుల్లో ఎక్కువ భాగం ఈ రెండు వైరస్‌ల పనే. సరిగ్గా అదే 1958లో ఇంగ్లండులో జోన్ జడ్ అనే ఆవిడ పిల్లుల కోసమే ఒక సంస్థ పెట్టింది. పిల్లి జబ్బుల గురించి డాక్టర్లకే ఏమీ తెలియడం లేదన్న విసుగు దానికి మూలం. ఆ విసుగులో న్యాయం ఉంది. పిల్లిని చిన్న సైజు కుక్కగా లెక్కగట్టి మందు ఇచ్చిన కాలం అది. అమెరికాలో పిల్లుల వైద్యుల సంఘం ఏర్పడింది 1971లో, కార్నెల్‌లో పిల్లుల ఆరోగ్య కేంద్రం వచ్చింది 1974లో.

ఆ రెండు వైరస్‌లను విడదీసి చూడటం వల్ల తిండి పెట్టేవాళ్ళకు ఒక మేలు జరిగింది. కూన తినకపోవడానికి రెండు వేర్వేరు కారణాలున్నాయని తెలిసింది. హెర్పిస్ ముక్కును, కంటిని పట్టుకుంటుంది. ముక్కు మూసుకుంటే వాసన లేదు, వాసన లేకపోతే పిల్లికి ఎదురుగా ఉన్నది తిండో మట్టో తేడా లేదు. కాలిసి చాలాసార్లు నాలుక మీద పుండ్లు వేస్తుంది. ఆ కూనకు ఆకలి ఉంటుంది, గిన్నె దాకా వస్తుంది, ఒకసారి నాకి వెనక్కి లాక్కుంటుంది. మొదటిదానికి కావలసింది ఘాటైన వాసన, ముక్కు శుభ్రం. రెండోదానికి మెత్తటి తిండి, నొప్పికి మందు. వీటిని కలిపేసి అన్నిటికీ ఒకే సూది పొడిచిన రోజులు నేను చూశాను.

రుచి సంగతి ఇంకా ఆలస్యంగా తేలింది. మనిళ్ళలో పాలు తాగని కూనకు కాస్త పంచదార కలిపి పెట్టడం అలవాటు. పిల్లికి తీపి తెలియదు. తీపిని పసిగట్టే జన్యువు పిల్లిజాతి మొత్తంలోనే చెడిపోయి ఉందని 2005లో ఫిలడెల్ఫియాలోని మోనెల్ కేంద్రం వాళ్ళు చూపించారు. పులీ అంతే. ఇక ఆవుపాలంటారా, చాలా కూనలకు అవి పడవు, విరేచనాలవుతాయి. జబ్బు కూనకు ఆ నీటి నష్టం కూడా తోడైతే ఇక చెప్పేదేముంది.

తెనాలి రామలింగడి పిల్లి కథ అందరికీ తెలుసు. రాయలవారు పిల్లిని, దాని పాలకు ఆవును ఇస్తే, మొదటిరోజే సలసల కాగే పాలు పెట్టి మూతి కాల్పించాడు. ఆ తర్వాత పాలగిన్నె కనపడితే చాలు, అది పారిపోయేది. పిల్లలు నవ్వుకునే ఈ కథను పశువైద్య విద్యార్థులకు పాఠంగా చెప్పాలని నాకెప్పుడూ అనిపిస్తుంది. పిల్లి ఏ తిండి తింటూ బాధపడిందో ఆ తిండిని గుర్తుపెట్టుకుని, కోలుకున్నాక కూడా దాన్ని దగ్గరకు రానివ్వదు. అందుకే వెల్లకిలా పడుకోబెట్టి, దవడలు విప్పి, బలవంతంగా పోసేవాళ్ళు రెండు రకాలుగా చెరుపు చేస్తున్నారు. పాలు ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. బతికితే ఆ పాలను అసహ్యించుకోవచ్చు. మరోవైపు, ‘ఆకలేస్తే అదే తింటుంది’ అని వదిలేయడమూ కుదరదు. కొన్ని రోజులు తిండి మానేసిన పిల్లికి ఒంట్లోని కొవ్వంతా కాలేయంలోకి చేరి ప్రాణం తీస్తుందని 1977 నుంచి పత్రికల్లో వస్తూనే ఉంది. పెద్ద పిల్లికి రోజుల లెక్క, అదీ కొవ్వు పట్టిన పిల్లికి మరీ. కూనకైతే కొవ్వు దాకా కూడా పోనక్కర్లేదు, ఒంట్లో చక్కెర, నీరు పూటల్లోనే పడిపోతాయి.

ఇన్నేళ్ళ పరిశోధన తర్వాత మేం చెప్పే పద్ధతి ఏమిటంటే, ముందు ముక్కు తుడవాలి. గోరువెచ్చటి సెలైన్‌లో దూది ముంచి, గట్టిపడ్డ చీమిడిని నాననిచ్చి తీయాలి. స్నానాలగదిలో వేడినీళ్ళు పోసి, ఆ ఆవిరిలో కూనను కాసేపు కూర్చోబెట్టుకోవచ్చు. అందులో కర్పూరం, నీలగిరి తైలం, జలుబు బామ్ వేయకూడదు, అవి పిల్లికి విషం. ఒళ్ళు చల్లగా ఉన్న కూనకు తిండి పెట్టకూడదు, ముందు ఒళ్ళు వెచ్చబడాలి. తిండిని పిల్లి ఒంటి వేడికి, అంటే సుమారు 38 డిగ్రీలకు తేవాలి. ఉప్పూ కారం, ఉల్లి వెల్లుల్లి లేని చేపల ఉడుకునీళ్ళు, చికెన్ గుజ్జు లాంటివి మంచివి. పాలు మానని కూనలకు వాటికోసమే చేసిన పాలపొడి దొరుకుతోంది. అప్పటికీ మూతి పెట్టకపోతే, బోర్లా కూర్చోబెట్టి, సిరంజిని నోటి పక్క నుంచి పెట్టి, కొద్దికొద్దిగా, మింగేదాకా ఆగుతూ పట్టాలి. నేను చెప్తున్నదాంట్లో సగం ఆ మామ్మగారికి ముందే తెలుసు. మా శాస్త్రం చేర్చిన సగం ప్రధానంగా ఏది చేయకూడదన్నది.

కొత్త సంగతులూ ఉన్నాయి, వాటిని తొందరగా చెప్పేస్తాను. 1970ల నడుమ నుంచి టీకాలున్నాయి. అవి జబ్బును పూర్తిగా ఆపవు, తీవ్రతను తగ్గిస్తాయి. లైసిన్ పొడి పెడితే హెర్పిస్ తగ్గుతుందని చాలాకాలం నమ్మారు. 2015లో పరిశోధనలన్నీ కలిపి చూస్తే అందులో పస లేదని తేలింది. ఒంటి బరువు తగ్గిపోతున్న పిల్లులకు చెవి లోపలి చర్మం మీద రాసే ఆకలి మందును 2018లో అమెరికా ఆమోదించింది. హైదరాబాదు, విజయవాడ, విశాఖల్లో ఇప్పుడు పిల్లుల్ని చూసే క్లినిక్‌లు బాగానే ఉన్నాయి. కూన పేరు అడిగి మరీ చీటీ రాస్తున్నారు.

ఇది చదివేవారికి ఒకటే విన్నపం. పిల్లికూన పూట గడిచినా మూతి పెట్టకపోతే అదే రోజు డాక్టరుకు చూపించండి. ఒళ్ళు కాలుతోంది కదా అని ఇంట్లో ఉన్న పారాసెటమాల్ ముక్క మాత్రం వేయకండి. దాన్ని విరిచి బయటికి పంపే శక్తి పిల్లి కాలేయానికి లేదు. పెద్ద పిల్లినే ఒక్క మాత్ర చంపుతుంది.