తిరుమల మొదటి ఘాట్ రోడ్డు: గవర్నరు పేరు, దేవస్థానపు పని

1944 ఏప్రిల్ 10న మద్రాసు గవర్నరు సర్ ఆర్థర్ హోప్ తిరుమల కొండకు వేసిన మొదటి ఘాట్ రోడ్డును ప్రారంభించారు. వలస పాలన కాలపు కట్టడాలను గురించి వ్రాసేటప్పుడు, ప్రారంభించిన అధికారినే నిర్మాతగా చెప్పే అలవాటు మనలో ఉంది. సంఘచరిత్ర వ్రాసే మనకు ఆ అలవాటు మరికొంత ఎక్కువ. బడి అయినా, ఆసుపత్రి అయినా, బావి అయినా దొరగారి పేరే ముందు వ్రాస్తాము. శేషాచలం అడవిలో వేసిన ఈ రోడ్డు విషయంలో ఆ అలవాటు ఎంతవరకు నిలుస్తుందో పరిశీలిద్దాము.

ముందుగా కొంత వెనుకకు వెళ్లవలసి ఉంది. 1801లో ఆర్కాటు నవాబు రాజ్యంతోపాటు తిరుమల ఆలయ ఆదాయం కూడా ఈస్టిండియా కంపెనీ చేతికి వచ్చింది. అప్పటి ఉత్తర ఆర్కాటు జిల్లాకు చిత్తూరు ముఖ్యపట్టణం. కలెక్టరు స్ట్రాటన్ 1803లో ఆలయ వ్యవహారాలపై నివేదిక పంపాడు. 1821లో బ్రూస్ దొర పాలనా నిబంధనలు తయారుచేశాడు. క్రైస్తవ ప్రభుత్వం ఆలయ కానుకలను లెక్కించుకొనడం, ఉత్సవాలకు సైనికులను పంపడం తగదని మిషనరీలు, ఇంగ్లండులోని వారి మిత్రులు గట్టిగా అభ్యంతరం చెప్పారు. ఈ వివాదంలోనే మద్రాసు సేనాధిపతి సర్ పెరిగ్రిన్ మైట్లాండ్ 1838లో పదవిని వదులుకొన్నాడు. చివరకు 1843లో కంపెనీ ఆలయ నిర్వహణను హథీరాంజీ మఠం మహంతుకు అప్పగించి తప్పుకొన్నది. అందుకు నూటఒక్క సంవత్సరాల తరువాత ఒక ఆంగ్ల గవర్నరు అదే కొండకు వేసిన రోడ్డును ప్రారంభించడం గమనార్హం. ఈ మధ్య కాలంలో దొరలు కొండ ఎక్కడమే అరుదు. 1870లో పారిపోయిన హంతకుని కోసం ఒక పోలీసు అధికారి, మహంతు వద్దన్నా వినకుండా పైకి వెళ్లాడని, అంతకుముందు క్రైస్తవుడెవరూ ఎక్కలేదని ఆంగ్లేయుల గెజెటీరు చెబుతున్నది.

మహంతుల పాలన 1933 వరకు సాగింది. మద్రాసు శాసనసభ చేసిన చట్టంతో తిరుమల తిరుపతి దేవస్థానముల కమిటీ ఏర్పడింది. రోడ్డుకు అసలు మూలం ఈ మార్పులోనే ఉన్నదని మా అభిప్రాయం. లెక్కలు చూపవలసిన కమిటీ, దానికొక కమిషనరు, ఏటేటా పెరిగే యాత్రికులు, ఇవన్నీ కలిసినప్పుడే ఇంత పెద్ద పని తలపెట్టడం సాధ్యమయింది. రోడ్డు మార్గాన్ని రూపొందించిన ఘనత మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారిదని చెబుతారు.

పని సామాన్యమైనది కాదు. తిరుపతికి, తిరుమలకు మధ్య ఎత్తులో తేడా సుమారు 700 మీటర్లు. అలిపిరి మెట్లదారి సుమారు 9 కిలోమీటర్లలోనే ఆ ఎత్తు ఎక్కుతుంది. మోకాళ్ల మెట్టు దగ్గర భక్తులు ఎంత శ్రమపడతారో అందరికీ తెలిసినదే. అంత నిట్టనిలువుగా బండిగాని, మోటారుగాని ఎక్కలేదు. అందుచేత దారిని మలుపులు తిప్పి సుమారు 19 కిలోమీటర్లకు సాగదీశారు. అంటే సగటున 27 మీటర్ల దూరానికి ఒక మీటరు ఎత్తు. ప్రతి మలుపుకూ ఒకవైపు కొండను తొలచాలి, రెండవవైపు లోయ పక్కన గోడ కట్టి నిలబెట్టాలి. ఆ రాళ్లు పగులగొట్టినవారి పేర్లు ఏ సభలోనూ వినిపించలేదు.

మరి గవర్నరు ఎందుకు వచ్చారు? 1939 అక్టోబరులో కాంగ్రెసు మంత్రివర్గం రాజీనామా చేసిన నాటి నుండి మద్రాసు రాష్ట్రంలో ఎన్నికైన మంత్రులు లేరు. 1946 వరకు గవర్నరుదే పాలన. రాజాజీ ప్రభుత్వమే కొనసాగి ఉంటే ఆ రోజు మంత్రి ఎవరో వచ్చి ఉండేవారేమో. హోప్ 1940 నుండి 1946 వరకు గవర్నరుగా ఉన్నారు. యుద్ధకాలంలో ఇంతటి పనికి ఆయన ప్రభుత్వం అడ్డు చెప్పలేదన్నది ఒప్పుకొనవలసినదే. నిర్మాత మాత్రం ఆయన కాదు.

ఈ రోడ్డు వలన వృద్ధులకు, రోగులకు, పసిబిడ్డల తల్లులకు కొండ అందుబాటులోకి వచ్చింది. అంతకుముందు నడవలేనివారికి డోలీయే గతి, డోలీకి డబ్బు కావాలి. డోలీ మోసి బ్రతికినవారి బ్రతుకుతెరువు మీద బస్సు దెబ్బ కొట్టింది. దీనిని వ్రాసినవారు తక్కువ.

కొండను తొలచడంలో మరొక సంగతి బయటపడింది. రోడ్డు పక్కన కోతలో అడుగున గ్రానైటు, దానిపైన క్వార్ట్‌జైటు పొరలు స్పష్టంగా కనిపిస్తాయి. ఆ రెండింటి మధ్య కోట్లాది సంవత్సరాల వ్యవధి ఉన్నదని భూగర్భ శాస్త్రజ్ఞులు గుర్తించి, ఆ స్థలాన్ని జాతీయ భౌగోళిక స్మారకంగా ప్రకటించారు. 1974లో రెండవ ఘాట్ రోడ్డు రావడంతో ఎక్కే వాహనాలు దానికి మారాయి. హోప్ ప్రారంభించిన రోడ్డు ఇప్పుడు దిగే దారి.