అచిపూర్ తండ్రి, పారిపోయిన బిడ్డలు

చైనా సంస్థల్లో యజమాని తండ్రివంటివాడని నిర్వహణ శాస్త్ర గ్రంథాలు చెబుతాయి. కాఠిన్యం, వాత్సల్యం, నైతిక ఆదర్శం ఆయనలో కలగలసి ఉంటాయట. దీని మూలాలను కన్ఫ్యూషియస్ సంప్రదాయంలోని పితృభక్తిలో చూపిస్తారు. జమీందారును ‘తల్లీ తండ్రీ తమరే’ అని వేడుకున్న నేలకు ఇది కొత్త సంగతేమీ కాదు. బిడ్డలు మాట వినకపోతే తండ్రి ఏం చేస్తాడన్నదే అసలు ప్రశ్న. దానికి కలకత్తా చరిత్రలో ఒక జవాబుంది.

పద్దెనిమిదో శతాబ్దం చివర్లో టాంగ్ అచ్యూ అనే చైనా వర్తకుడికి గవర్నర్ జనరల్ వారెన్ హేస్టింగ్స్ బజ్‌బజ్ సమీపాన, హుగ్లీ తీరంలో భూమి ఇచ్చాడు. 650 బిఘాలు, ఏడాదికి శిస్తు 45 రూపాయలు. అచ్యూ స్వదేశం నుంచి ఒప్పంద కూలీలను రప్పించి, చెరకు వేయించి, చక్కెర మిల్లు పెట్టాడు. ఆయన పేరుమీదుగానే ఆ ఊరు అచిపూర్ అయింది.

కూలీలు నిలవలేదు. ఓడలు దిగి కలకత్తాలో ఉండిపోయిన చైనీయులు తన మనుషులను ఎగదోసి తీసుకుపోతున్నారని అచ్యూ కంపెనీకి మొరపెట్టుకున్నాడు. 1781 నవంబరులో కంపెనీ ప్రకటన వెలువడింది: అచ్యూకు అండగా ఉంటాం, ఆయన కూలీలను లాక్కుపోయేవారిని కఠినంగా శిక్షిస్తాం. గమనించవలసింది ఇదే. పితృవాత్సల్యం, పితృభక్తి కూలీని కట్టి ఉంచలేకపోయినచోట పరాయి ప్రభుత్వపు దండం అవసరమైంది. కన్ఫ్యూషియస్‌కూ ఈస్టిండియా కంపెనీకీ ఇంతకంటే విచిత్రమైన పొత్తు ఉండదు! పని ఒప్పందాన్ని ఉల్లంఘించిన కూలీని జైలుకు పంపే చట్టం 1859లో వచ్చింది; దాని వెనుక ఉన్న బుద్ధి మాత్రం అప్పటికే పాతది.

1783 ముగిసేనాటికి అచ్యూ లేడు. 1804లో ఎస్టేటు అమ్మకానికి వచ్చింది.

ఆ తర్వాత కలకత్తాలో చైనీయులు వడ్రంగులుగా, చెప్పుల తయారీదారులుగా, టాంగ్రాలో తోలు శుద్ధి కర్మాగారాల యజమానులుగా స్థిరపడ్డారు. టాంగ్రాలో హక్కా కుటుంబమే సంస్థ. తండ్రి యజమాని, కొడుకులు వారసులు. కూలీల్లో ఎక్కువమంది మాత్రం బిహార్ నుంచి వచ్చిన దళితులు, ముస్లింలు. పచ్చి తోళ్ల మధ్య పనిచేసిన వారికి ఆ ‘కుటుంబం’లో వాటా లేదు. 1996లో సుప్రీంకోర్టు ఆ పరిశ్రమను నగరం వెలుపలికి తరలించమన్నప్పుడు, వారసత్వంగా పోగొట్టుకోవడానికి వారికి కర్మాగారం లేదు, కూలి తప్ప.

చైనా నూతన సంవత్సర వేళ కలకత్తా చైనీయులు నేటికీ అచిపూర్ వెళ్లి అచ్యూ సమాధి వద్ద అగరొత్తులు వెలిగిస్తారు. పారిపోయిన కూలీల పేర్లు అక్కడ లేవు.