తూటాకు పట్టిన వానకారు జబ్బు

1922 ఫిబ్రవరి 22న మించాలపాడులో కన్నెగంటి హనుమంతు పోలీసు కాల్పులకు నేలకొరిగిన సంగతి మా మాచర్ల ప్రాంతంలో బడిపిల్లలకు సైతం తెలుసు. తుపాకిని తలచుకున్నంతగా తూటాను మనం తలచుకోము. అంతకు ముందటేడు, పల్నాట పుల్లరి సత్యాగ్రహం సాగుతుండగానే, తూటా ఇత్తడి రహస్యమొకటి ఇంగ్లండులో బయటపడింది.

భారతదేశంలోని ఆంగ్ల సైన్యాన్ని అది చాలాకాలం వేధించింది. ఎండకాలమంతా చక్కగా ఉన్న తూటాలు వానకారు రాగానే, ఎవరూ పేల్చకుండానే, మెడ దగ్గర చిట్లేవి. ఋతువును బట్టి వచ్చేది కనుక ‘సీజన్ క్రాకింగ్’ అన్నారు. గుఱ్ఱపు సాలల్లో దాచిన తూటాలకే ఇది ఎక్కువ. 1921లో మూర్, బెకిన్సేల్, మాలిన్సన్ అనే మువ్వురు కారణం తేల్చారు: సాలలోని మూత్రపు ఘాటు, అనగా అమ్మోనియా; గాలిలోని తేమ; వీటికి తోడు, చల్లగా సాగదీసినప్పుడు ఇత్తడిలో మిగిలిపోయిన బిగువు. ఆ బిగువును మందకాకతో ముందే సడలిస్తే పగులు రాదు.

కంచరికి ఇందులో సగం కొత్త కాదు. (అమరంలో ఇత్తడికి ‘రీతి’ అని పేరు, పండితులు కావ్యరీతుల వద్దే ఆగిపోతారు!) సుత్తి దెబ్బలకు బిందె బిరుసెక్కగానే అతడు మళ్ళీ కొలిమిలో పెడతాడు. బీట పడ్డాక కాల్చి లాభం లేదు.

పేల్చిన తొడుగును మళ్ళీ నింపేవారి చిక్కూ ఇదే. తూటా ఇత్తడిలో రాగి 70 పాళ్ళు, తుత్తునాగం 30. పేలినప్పుడు మెడ ఉబ్బుతుంది, అచ్చులో మళ్ళీ నొక్కుతారు. ప్రతిసారీ బిరుసు పెరుగుతుంది. మూడు నాలుగు పేల్పులకొకసారి కాక పెట్టాలని కొందరి లెక్క. నాకైతే లెక్కకన్నా లక్షణమే ప్రమాణమనిపిస్తుంది. నొక్కిన మెడ వెనక్కు సాగుతున్నా, గుండును ఒక్కోటి ఒక్కో తీరున పట్టుతున్నా తరుణం వచ్చినట్లే. ఒక్కటి చిట్లితే, దానితో సమానంగా పేలిన తక్కినవాటికి అప్పటికే ఆలస్యమైంది.

కాక మెడకు, భుజానికి మాత్రమే. పేలుడు ఒత్తిడిని అడుగుభాగం మోస్తుంది. అది మెత్తబడితే పేల్చేవాని ముఖానికే ముప్పు. అందుకే పూర్వం తొడుగులను సగం దాకా నీటిలో నిలబెట్టి, పైన మంట చూపి, వెంటనే నీటిలోకి పడదోసేవారు. ఇనుములా ఇత్తడి నీట ముంచితే గట్టిపడదు. ఆ నీరు వేడిని అడుగుకు దిగనీయకుండుటకే. అడుగు దాకా కాగినదాన్ని ఇక నింపరాదు, పాత ఇత్తడిలో వేయవలసినదే.