శ్రుతి, స్మృతి, ఆచారము

శ్రుతికిని స్మృతికిని విరోధము కలిగినచో శ్రుతియే ప్రమాణమనియు, ఆచారము ఆ రెంటికిని పిమ్మటిదనియు మీమాంసకుల నిర్ణయము. కాని దాయభాగపు తగవులలో వేదము నడిగినవారెవరు? అచ్చట ఏలినది యాజ్ఞవల్క్యస్మృతి. అంతకంటెను దానికి కన్నడదేశపు కల్యాణమున విజ్ఞానేశ్వరుడు రచించిన మితాక్షర. దాని ననుసరించియే 13వ శతాబ్దిలో కేతన తెలుగున విజ్ఞానేశ్వరీయము వ్రాసెను. ధర్మశాస్త్రమును సైతము పద్యములలో చదువుకొన్న జాతి మనది!

1868లో, రామనాథపురపు జమీందారీలో వితంతువు చేసికొన్న దత్తతను గూర్చిన వ్యాజ్యెమున, స్పష్టముగా రుజువైన ఆచారము శాస్త్రవచనముకంటె బలవత్తరమని ప్రీవీ కౌన్సిలు తీర్పు చెప్పెను. మూడవమెట్టు మొదటిదయ్యెను. దీనిని వేదమునకు లాఘవమని మేము తలంపము. వేదము ఆస్తిపంపకపు గ్రంథము కాదు. ఇంటి ఆచారమును వెంటగొని పొరుగునాడులకు వచ్చిన మన కుటుంబములకు ఆ తీర్పు చిన్నది కాదు. 1956 నాటి వారసత్వ చట్టము అట్టి ఆచారములను చాలవరకు త్రోసివేసినది. 2005 నాటి సవరణ ఉమ్మడి ఆస్తిలో కుమార్తెకును కుమారునితో సమానముగా జన్మహక్కు నిచ్చినది.